పిడికెడు గుడ్లగూబ

కొత్త ఇల్లు కట్టేవాళ్ళు ముందుగా నేల చదునుచేసి ముగ్గు పోస్తారు. ముగ్గు పోసిన చోటే పునాది తవ్వుతారు, ఆ పునాది మీదనే గోడలు లేస్తాయి. గోడలు లేచిన తరవాత, "అయ్యో, ఇక్కడ మంచి చెట్టుండేదే! ఇక్కడ పిట్ట గూడుండేదే!" అనుకుంటే లాభం లేదు. అందుచేత చూడవలసిందేదో ముగ్గు పోయక ముందే చూడాలి.

ఒక ఇంటి విషయంలో ఇది చిన్న సంగతిగానే కనిపిస్తుంది. కాని ఒక నగరం ఏటేటా ఎడారిలోకి పాకుతూ, వేలకొద్దీ ఇళ్ళు లేస్తూ ఉంటే ఇది చాలా పెద్ద సంగతి అవుతుంది. అమెరికాలో ఒక నగరం వారికి ఈ పాఠం నేర్పినది పండితుడూ కాదు, మంత్రీ కాదు. ఒక గుడ్లగూబ! అది కూడా పిడికెడంత పిట్ట.

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో నైరుతి మూల అరిజోనా అనే రాష్ట్రం ఉంది. దాని దక్షిణ భాగంలోనూ, దాన్ని ఆనుకుని ఉన్న మెక్సికో దేశంలోనూ సొనోరా ఎడారి వ్యాపించి ఉంది. ఎడారి అనగానే మనకు ఇసుక తిన్నెలూ, ఒంటెలూ గుర్తుకు వస్తాయి. సొనోరా ఎడారి అటువంటిది కాదు. అక్కడ చలికాలంలో ఒకసారీ, వేసవి చివర ఒకసారీ వానలు పడతాయి. ఎడారి నడుమ ఉన్న టూసాన్ నగరంలో సాలుకు సుమారు 280 మిల్లీమీటర్ల వాన పడుతుంది. కరువుకు పేరుపడిన మన అనంతపురంలో పడే వానలో ఇది దాదాపు సగం. ఆ కాస్త నీటితోనే అక్కడ చెట్లూ, చేమలూ, పక్షులూ, జంతువులూ వేల సంవత్సరాలుగా కాపరం చేస్తున్నాయి.

ఈ ఎడారికి రాజు అనదగినది సవారో అనే జెముడు. మన పొలాల గట్ల మీద పెరిగే నాగజెముడు కూడా ఒకప్పుడు అమెరికా ఖండం నుంచి వచ్చినదే. అది మన నడుమెత్తు పెరిగితే, సవారో నలభై, యాభై అడుగుల ఎత్తు పెరిగి, చేతులు పైకెత్తి నిలబడిన మనిషిలాగా కనిపిస్తుంది. దాని ఒంటి నిండా నిలువు మడతలుంటాయి. వాన పడగానే దాని వేళ్ళు నీటిని జుర్రుకుంటాయి. అప్పుడు ఆ మడతలు హార్మోనియం తిత్తిలాగా విచ్చుకుని, కాండం లావెక్కుతుంది. నీరు ఖర్చయినకొద్దీ మళ్ళీ ముడుచుకుంటుంది. నీటితో నిండిన పెద్ద సవారో ఐదారు టన్నుల బరువుండటం కద్దు.

ఇంత పెద్ద చెట్టు ఎట్లా పెరుగుతుందో తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. మొదటి ఎనిమిదేళ్ళలో అది పెరిగేది అంగుళమో, అంగుళమున్నరో! ఎండకూ, చలికీ తట్టుకోవటానికి ఏ మెస్కీటు చెట్టు నీడనో దాగి ఉంటుంది. ఈ మెస్కీటు మన సర్కారుతుమ్మకు దగ్గరి చుట్టం. సవారో మొదటి పువ్వు పూసే సరికి సుమారు ముప్ఫై అయిదేళ్ళు పడుతుంది. మొదటి కొమ్మ వెయ్యటానికి యాభై నుంచి డెబ్భై ఏళ్ళు పడుతుంది. ఒక్కొక్క చోట నూరేళ్ళు కూడా పడుతుంది. అంటే, ఒక మనిషి కుర్రతనంలో ఒక సవారో మొక్కను చూస్తే, అది చెయ్యెత్తేనాటికి అతను తాతగారవుతాడు. ఆ తరవాత అది నూటయాభై ఏళ్ళు దాటి కూడా బతకవచ్చు.

సవారో ఒంటరిగా బతకదు. అదే ఒక పెద్ద లోగిలి. వసంతకాలం చివర అది రాత్రిపూట తెల్లని పువ్వులు విప్పుతుంది. మెక్సికో నుంచి వచ్చే ఒక జాతి గబ్బిలాలు ఆ పువ్వులలో మూతి పెట్టి తేనె తాగి, ఒక చెట్టు పుప్పొడి మరొక చెట్టుకు చేరుస్తాయి. పగటిపూట ఆ పని తేనెటీగలూ, పావురాలూ చేస్తాయి. పండ్లు పండాక పక్షులూ, జంతువులూ వాటిని తిని విత్తనాలు వెదజల్లుతాయి. ఆ ఎడారిలో అనాదిగా ఉండే తొహోనో ఓధమ్ ప్రజలు పొడుగాటి దోటీలతో ఆ పండ్లు కోసి పాకం కాచుకుంటారు. తొహోనో ఓధమ్ అంటే వారి భాషలో "ఎడారి ప్రజలు" అని అర్థం. ఆ దోటీలు కూడా చచ్చిన సవారో లోపలి కర్రలతో చేసినవే!

వడ్రంగి పిట్టలు సవారో కాండానికి తొర్రలు తొలుస్తాయి. చెట్టు ఊరుకోదు. గాయం చుట్టూ గట్టి బెరడు కట్టి, తొర్రను లోపల కుండలాగా గట్టిపరుస్తుంది. ఆ తొర్ర పగలు చల్లగానూ, రాత్రి వెచ్చగానూ ఉంటుంది. వడ్రంగి పిట్ట ఖాళీ చేసిపోయాక ఆ ఇంట్లో వేరే వాళ్ళు అద్దె లేకుండా దిగుతారు. అట్లా దిగేవాళ్ళలో ఒకటి మన కథలోని గుడ్లగూబ.

ఈ గుడ్లగూబ పొడవు ఏడంగుళాలు కూడా ఉండదు. మన పైడికంటె కన్న కూడా చిన్నది. బరువు డెబ్భై గ్రాములు. కాని దాని దర్జా అంతా ఇంతా కాదు. పగటిపూటే వేటాడుతుంది. బల్లులనూ, పురుగులనూ, చిన్న పిట్టలనూ పట్టి తింటుంది. దాని తల వెనక రెండు నల్లని మచ్చలుంటాయి. వెనక నుంచి చూసేవారికి అవి కళ్ళలాగా కనిపించి, "ఇది నన్నే చూస్తున్నది!" అనిపిస్తుంది. దీనికొక బలహీనత ఉంది. నేలకు దగ్గరగా, చెట్టు నుంచి చెట్టుకు ఎగురుతుందే గాని, పెద్ద బయళ్ళను దాటటానికి వెనుకాడుతుంది. నడుమ చెట్లు లేకుండా వెడల్పాటి రోడ్డు వస్తే దానికి అది సముద్రం వంటిదే.

1872లో శాస్త్రజ్ఞులకు ఈ పక్షి టూసాన్ పక్కన రిల్లిటో వాగు ఒడ్డున దొరికింది. ఆ రోజుల్లో ఇది వాగుల వెంబడి తరచుగా కనిపించేది. ఆ తరవాత కాలం మారింది.

1950లో టూసాన్ జనాభా 45 వేల చిల్లర. ఎండ, పొడిగాలి ఒంటికి మంచివని చలిదేశాల నుంచి జనం వచ్చిపడసాగారు. ఇళ్ళలో గాలిని చల్లబరిచే యంత్రాలు వచ్చాక ఎండ బాధ కూడా తగ్గింది. 2020 జనాభా లెక్కల నాటికి నగరంలో 5 లక్షల 42 వేల మంది ఉన్నారు. టూసాన్ ఉన్న పీమా కౌంటీ మొత్తం మీద పది లక్షలు దాటింది. కౌంటీ అంటే మన జిల్లా వంటిది. ఇంతమందికీ ఇళ్ళు కావద్దూ? కావాలి. ఇళ్ళు కట్టటం తప్పు కాదు. తప్పల్లా ముందు వెనకలు చూడకుండా కట్టటంలో ఉంది.

అది ఎట్లా జరిగేదంటే, ఎవరో వందల ఎకరాలు కొనేవారు. యంత్రాలు వచ్చి నేలను గీకి, అరచేయిలాగా చదును చేసేవి. వందేళ్ళ సవారోలూ, వాటి నీడనిచ్చిన చెట్లూ ఒక్క పూటలో పోయేవి. వాగులు పూడిపోయేవి. ఎడారిలో వాగంటే ఏడాదిలో చాలాభాగం ఇసుకే గనక, అది ఉత్త ఇసుక దారి అనుకునేవారు. కాని ఎడారి ప్రాణం వాగు గట్ల మీదనే ఉంటుంది. పెద్ద చెట్లు పెరిగేదీ, జంతువులు నడిచేదీ అక్కడే. ఒక్క జడివాన పడితే ఆ ఇసుక దారే పెద్ద ఏరవుతుంది. వాగులో ఇల్లు కట్టుకున్నవాడికి ఆ రోజున సంగతి తెలిసివస్తుంది.

జంతువుల అవస్థ చెప్పనలవి కాదు. ఎడారి తాబేలు సంగతి చూడండి. అది వానాకాలంలో తాగిన నీటిని తన మూత్రాశయంలో నెలల తరబడి దాచుకుంటుంది. దానికి చెరువూ, కుండా, అన్నీ అదే. ఎవరన్నా దాన్ని చేతిలోకి ఎత్తుకుంటే భయపడి ఆ నీరంతా వదిలేస్తుంది. మళ్ళీ వాన పడేలోగా అది దాహంతో చచ్చిపోవచ్చు. పాపం, ఎత్తినవాడు దాన్ని ముద్దు చెయ్యాలనే ఎత్తి ఉండవచ్చు! నగరానికి ఉత్తరాన ఉన్న శాంటా కాటలీనా కొండల్లో పెద్ద కొమ్ముల అడవి గొర్రెలుండేవి. కొండల మొదటి దాకా ఇళ్ళూ, రోడ్లూ వచ్చాయి. కుక్కలూ, మనుషులూ పైకి ఎక్కసాగారు. 1990 తరవాతి సంవత్సరాలలో ఆ గొర్రెలు ఆ కొండల్లో లేకుండా పోయాయి. 2013 నుంచి వేరే కొండల గొర్రెలను తెచ్చి మళ్ళీ అక్కడ వదలవలసివచ్చింది.

మన చిన్న గుడ్లగూబ కూడా ఇంచుమించు ఆ స్థితికే వచ్చింది. 1996లో వెతికితే అరిజోనా మొత్తానికి డజను పక్షులు మాత్రమే లెక్కకు వచ్చాయి. 1997లో అమెరికా ప్రభుత్వం దీన్ని నశించిపోయే ప్రమాదంలో ఉన్న ప్రాణుల జాబితాలో చేర్చింది. ఆ జాబితాలో చేరిన ప్రాణికి హాని చెయ్యటం నేరం. అది ఉండే చోట ఇళ్ళు కట్టాలంటే ముందుగా అనుమతి పొందాలి.

దీనితో పెద్ద గొడవ బయలుదేరింది. గుడ్లగూబలు మిగిలి ఉన్నది నగరానికి వాయవ్యాన, ఇళ్ళు అందరి కన్న వేగంగా లేస్తున్నది కూడా అక్కడే. ఒక చోట పెద్ద బడి కట్టటానికి స్థలం కొని ఉంచారు. "అక్కడ గుడ్లగూబ తిరుగుతుంది, కట్టవద్దు," అని కొందరు కోర్టుకు వెళ్ళారు. "పిల్లల చదువు ముఖ్యమా, పిట్ట ముఖ్యమా?" అని మరికొందరు అడిగారు. చివరకు 2000 సంవత్సరంలో, బడి కట్టుకోవచ్చునని కోర్టు తీర్పు చెప్పింది. గుడ్లగూబకు అనువైన వాగుల వైపు స్థలాన్ని విడిచిపెట్టి బడి కట్టారు. మొత్తానికి ఇద్దరికీ చోటు దొరికింది. కాని ఒక్కొక్క బడికీ, ఒక్కొక్క ఇంటికీ ఇట్లా కోర్టుకెక్కితే ఎట్లా?

అందుచేత 1998లో పీమా కౌంటీ పాలకులు వేరే దారి తొక్కారు. "ఇక్కడ ఇల్లు కట్టవచ్చునా?" అని ఒక్కొక్క స్థలం గురించి కొట్టుకోవటం కన్న, కౌంటీ యావత్తుకూ ఒకేసారి పటం గీద్దామనుకున్నారు. దీనికి సొనోరా ఎడారి సంరక్షణ ప్రణాళిక అని పేరు పెట్టారు. శాస్త్రజ్ఞులు ఏ ప్రాణికి ఏమి కావాలో, ఏవి ఎక్కడ తిరుగుతాయో, ఏ వాగు వెంట ఏ కొండ నుంచి ఏ కొండకు పోతాయో పటాలు గీశారు. పురాతన గ్రామాలు తెలిసినవారు వాటి జాడలు గుర్తించారు. పశువుల మేతభూములు గలవారినీ, ఇళ్ళు కట్టేవారినీ కూడా పిలిచి మాట్లాడారు.

2001లో ఆ పటాన్ని బట్టి ఒక ఏర్పాటు చేశారు. కొత్త కట్టడాల కోసం భూమి వాడకం మార్చమని ఎవరైనా అడిగితే, ముందు ఆ భూమి పటంలో ఎక్కడ ఉందో చూస్తారు. అది ముఖ్యమైన వాగు గట్టయితే నూటికి 95 పాళ్ళు అట్లాగే ఉంచాలి. ప్రాణులు దండిగా ఉండే ప్రధాన స్థలమైతే నూటికి 80 పాళ్ళు ఉంచాలి. మిగిలిన వాటిలో ముఖ్యమైన మరొక తరగతిలో మూడింట రెండు వంతులు ఉంచాలి. పటంలో ఇటువంటి గుర్తు లేని చోట ఇళ్ళు కట్టుకోవచ్చు. ఇదంతా ముగ్గు పోయక ముందే తేలిపోతుంది.

అయితే ఉత్త పటం గీస్తే చాలదు. 2004లో ప్రజలను ఓటు అడిగారు. ఖాళీ ఎడారి భూములను కొని కాపాడటానికి 17 కోట్ల 40 లక్షల డాలర్లు అప్పు తేవటానికి వారు ఒప్పుకున్నారు. ఆ అప్పు తీర్చేది వారి పన్నులతోనే! ఆ డబ్బుతో కౌంటీ వారు పెద్ద పెద్ద పశువుల క్షేత్రాలను కొన్నారు. కొని, ఆ కాపరులనే పశువులను మేపుకోమన్నారు. మేత బీడులో సవారో ఉంటుంది, తాబేలు ఉంటుంది, జింక నడుస్తుంది. అదే బీడు ఇళ్ళ స్థలాలైతే అవేవీ ఉండవు.

ఇంతలో గుడ్లగూబకు ఎదురుదెబ్బ తగిలింది. ఇళ్ళు కట్టే కంపెనీల సంఘం వారు దాన్ని జాబితాలో చేర్చటం సరి కాదని వాదించారు. ఇవే పక్షులు మెక్సికోలో ఉన్నాయి గదా, అరిజోనాలో ఉన్నవాటి ప్రత్యేకత ఏమిటి అన్నది తగవు. కోర్టు మాట మీద ప్రభుత్వం 2006లో దాని పేరు తీసేసింది. అంటే, ఎవరి కారణంగా ఇదంతా మొదలయిందో ఆ పిట్టకు చట్టం అండ పోయింది! "ఇక మనకెందుకీ బెడద?" అని పీమా కౌంటీ వారు అప్పుడు పటం చుట్టి అటక మీద పెట్టవచ్చు. కాని వారు అట్లా చెయ్యలేదు. పని సాగించారు. 2016లో కేంద్ర ప్రభుత్వం వారితో ముప్ఫై ఏళ్ళ ఒప్పందం చేసుకుంది. దాని ప్రకారం గుడ్లగూబతో సహా 44 జాతుల మొక్కలనూ, ప్రాణులనూ కౌంటీ కాపాడాలి. 2023లో ప్రభుత్వం ఈ గుడ్లగూబను మళ్ళీ రక్షిత జాబితాలో చేర్చింది.

ఈ ప్రణాళికలో ఉన్న మరొక మంచి సంగతి ఏమిటంటే, ప్రాణులతోబాటు పూర్వుల జాడలను కూడా అందులో చేర్చారు. తెల్లవాళ్ళు రాక ముందే ఈ ఎడారిలో హోహోకామ్ అనే వారు వెయ్యేళ్ళపాటు సేద్యం చేశారు. ఇనప పనిముట్లు లేకుండానే మైళ్ళ పొడవున కాలువలు తవ్వి, మొక్కజొన్నా, పత్తీ పండించారు. రంగులు వేసిన కుండలు చేశారు. రాళ్ళ మీద సుడిగుండాలూ, జంతువులూ చెక్కారు. టూసాన్‌కు వాయవ్యాన లాస్ మోర్టెరోస్ అనే వారి గ్రామం ఒకటి ఉంది. ఆ పేరుకు స్పానిష్ భాషలో "రోళ్ళు" అని అర్థం. అక్కడి బండల మీద ఆడవాళ్ళు మెస్కీటు కాయలు దంచి దంచి ఏర్పడిన గుంటలు నేటికీ ఉన్నాయి. అది ఇప్పుడు కౌంటీ రక్షణలో ఉంది.

నగరానికి ఉత్తరాన ఓరో వాలీ అనే పట్టణంలో హనీ బీ అనే మరొక గ్రామం జాడలున్నాయి. అక్కడ హోహోకామ్‌లు కొన్ని వందల ఏళ్ళు కాపరమున్నారు. వారు బంతి ఆట ఆడిన చోటు కూడా కనిపెట్టారు. ఆ స్థలమంతా కొత్త ఇళ్ళ కోసం కొన్నారు. అప్పుడేం చేశారంటే, ఇళ్ళు లేవక ముందే పురాతత్వ శాస్త్రజ్ఞులు చుట్టుపక్కల తవ్వి చూశారు. గ్రామం నడిబొడ్డున 13 ఎకరాలు మాత్రం తవ్వకుండా, కట్టకుండా విడిచిపెట్టారు. ఈనాడు చుట్టూ కొత్త ఇళ్ళున్నాయి, నడుమ ఆ పాత ఊరు మట్టి కింద ప్రశాంతంగా నిద్రపోతున్నది. ఇటువంటి తవ్వకాలలో పూర్వుల అస్థికలు బయటపడితే, చట్టం ప్రకారం వాటిని వారి వారసులైన తెగలవారికి గౌరవంగా అప్పగిస్తారు.

జంతువుల దారుల కోసం చేసిన పని కూడా చెప్పుకోదగినది. శాంటా కాటలీనా కొండలకూ, టార్టొలీటా కొండలకూ నడుమ ఓరకిల్ రోడ్డు అనే పెద్ద రాజమార్గం ఉంది. దాన్ని దాటబోయి ఎన్నో జంతువులు బళ్ళ కింద పడేవి. 2016లో ఆ రోడ్డు మీదుగా జంతువుల కోసమే ఒక వంతెన కట్టారు. దాని మీద మట్టి పరిచి, ఎడారి మొక్కలు నాటారు. కింద మోటార్లు పోతుంటాయి, పైన పొడుగు చెవుల జింకలూ, అడవి పిల్లులూ, కొయోటీ అనే తోడేలు జాతివీ నడిచిపోతుంటాయి. అక్కడ పెట్టిన కెమేరాలకు అవి వేలసార్లు చిక్కాయి. వంతెన ఎవరి కోసమో వాటికి ఎవరూ చెప్పనక్కరలేకపోయింది!

ఇళ్ళు లేచే చోట సవారోలను పెకలించి వేరే చోట నాటుతారు గదా అని మీరు అడగవచ్చు. నిజమే, అరిజోనాలో అనుమతి లేకుండా సవారోను కొట్టటం నేరం. దాన్ని తరలించేటప్పుడు దక్షిణం వైపున్న ముఖానికి గుర్తు కట్టి, కొత్త చోట కూడా ఆ ముఖాన్ని దక్షిణానికే తిప్పి నాటుతారు. లేకపోతే ఎండకు అలవాటు లేని వైపు కమిలిపోతుంది. చిన్న మొక్కలు చాలా వరకు బతుకుతాయి. పెద్దవి మాత్రం పైకి పచ్చగా కనిపిస్తూనే, లోపల దాచుకున్న నీటితో కొన్నేళ్ళు గడిపి ఆ తరవాత చచ్చిపోతాయి. పైగా చెట్టును తరలించవచ్చు గాని, దాని చుట్టూ ఉన్న వాగునూ, నీడనూ, దారినీ ఎవరు తరలించగలరు?

పీమా కౌంటీలో కష్టాలన్నీ తీరిపోలేదు. జనం ఇంకా వస్తున్నారు, ఇళ్ళు ఇంకా లేస్తున్నాయి. ఎండలు ముదురుతున్నాయి. గుడ్లగూబ ఇంకా ప్రమాదంలోనే ఉంది. కాని అక్కడివారు ఒక్క సంగతి మటుకు గ్రహించారు. ఇల్లు కట్టటానికి ఆరు నెలలు చాలు. సవారో చెయ్యెత్తటానికి ఒక మనిషి జీవితం కావాలి. రోటి గుంట పడటానికి ఎన్నో తరాల చేతులు కావాలి. ఆరు నెలల్లో అయ్యే పని కోసం నూరేళ్ళ దాన్ని పాడు చేసే ముందు, పక్కన మరొక చోటుందేమో చూడటం తెలివైన పని.

మీ ఊళ్ళో కూడా ఎక్కడో ఒక చోట కొత్తగా ముగ్గు పోస్తూనే ఉంటారు. ఆ నేల మీద ఏ చెట్టుందో, ఏ పిట్ట వాలుతుందో, వాననీరు ఏ దారిన పోతుందో, ఏ పాత రాయి మీద ఏ చెక్కడం ఉందో ఒకసారి వెళ్ళి చూడండి. చూసినది కాగితం మీద గీసి, పెద్దవాళ్ళకు చూపించండి. పీమా కౌంటీ వారు చేసిన మొదటి పని కూడా అదే!